తెర మీద తిరిగే అక్షరాలు

కంప్యూటర్‌ని కంపెనీవాడు ఎట్లా పంపాడో అట్లాగే వాడుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. కొత్త చొక్కాకు గుచ్చిన గుండుసూదులు తీయకుండానే తొడుక్కున్నట్టు ఉంటుంది ఆ పని. అక్కర్లేనివి ఎన్నో వెనకాల నడుస్తూ మెషిన్‌ని ఈడుస్తుంటాయి. నిన్న ఎవరు ఏ కాగితం తెరిచారో ఇవాళ వచ్చినవాడికి పట్టీ వేసి మరీ చూపిస్తుంది. నేను వెళ్లి రెండు గంటలు కూర్చుంటే ఆ చెత్తంతా పోయేది. మెషిన్ పరుగెత్తేది, ఒకరి కాగితాలు ఇంకొకరి కంట పడేవి కావు. తొంభై ఎనిమిదిలో బళ్లారి మొత్తం మీద ఈ పని తెలిసినవాళ్లం ముగ్గురమో నలుగురమో. ఆ మిగతా ఇద్దరు ముగ్గురికి కూడా ఏమీ రాదని నా గట్టి అభిప్రాయం. అంత పొగరు ఉండేది నాకు. అది ఒక ఆదివారం మధ్యాహ్నం, పట్టపగలే దిగిపోయింది.

పంకజాక్షి గారికి కంటోన్మెంట్‌లో టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. నలభై దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు. దొరల కాలం నాటి పాత బంగళాలో ఒక వాటా అద్దెకు తీసుకుంది. ముందు గదిలో ఇన్‌స్టిట్యూట్, వెనక గదిలో తల్లి పంపమ్మతో కాపురం. ఒకప్పుడు వాళ్లదీ మా కౌల్ బజారే, మాకు దూరపు చుట్టాలు కూడా. అందుకే నేను పంకజక్కా అని పిలిచేవాణ్ణి. ఆమెకు రామచంద్ర అని ఒక తమ్ముడు ఉండేవాడు. మూడేళ్ల కిందట సిరుగుప్ప రోడ్డులో లారీ గుద్ది పోయాడు. ఇరవై ఆరేళ్లు. నేను అతన్ని పెళ్లిళ్లలో ఒకటి రెండుసార్లు చూశానంతే.

ఆ మే నెలలో ఆమె మా కంప్యూటర్ కొట్టుకు వచ్చి తన కష్టం చెప్పుకుంది. కంప్యూటర్ నత్తలాగా నడుస్తోందట. అది పోనీ అనుకుంటే, నేర్చుకునే ఆడపిల్లలు టైపు చేసుకున్నవన్నీ అందరికీ కనబడిపోతున్నాయట. ఒక పిల్ల ఇంట్లో తెలియకుండా బెంగళూరు ఉద్యోగానికి దరఖాస్తు రాసుకుంటే, ఇంకొకతె చూసి వాళ్ల నాన్న చెవిన వేసిందట. పిల్ల చదువే ఆగిపోయింది. నువ్వొచ్చి ఏం చేస్తావో చేయి, ఇంకొకరి బతుకు నా మెషిన్ వల్ల పాడవకూడదు అంది. ఆ మాట నాకు నచ్చింది.

ఆదివారం ఒంటిగంటన్నరకు వెళ్లేసరికి ఆమె చీర మార్చుకుని చెప్పులు వేసుకుంటోంది. మోక ఊళ్లో మేనత్త కూతురి సీమంతం, ముఖం చూపించి నాలుగింటి లోపల వచ్చేస్తానంది. తాను వచ్చేదాకా ఇంట్లోనే ఉండమని, అమ్మకు చూపు ఆనదు, ఒంటరిగా వదలొద్దని రెండుసార్లు చెప్పింది. చేయాల్సినవన్నీ ఒక చీటీ మీద రాసి చేతిలో పెట్టి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

చీటీ కన్నడంలో ఉంది. మా ఇళ్లల్లో అంతే, మాట తెలుగు, రాత కన్నడం. బళ్లో నేర్చింది అదే కదా. నాలుగు సంగతులు రాసింది. ఒకటి, వేగంగా నడవాలి. రెండు, ఎవరేం తెరిచారో కనబడకూడదు. మూడు, పాస్‌వర్డ్ పెట్టాలి. నాలుగోది, "నాళె బా. అదు హాగే ఇరలి." నాళె బా అంటే రేపు రా. అది అట్లే ఉండనీ. మా బజార్లో రోజుకు పదిసార్లు వినే మాట. పని మిగిలితే అట్లే ఉంచి రేపు రమ్మంటోంది అనుకున్నాను. నా చేతిలో పని మిగలడమా అని నవ్వుకుని చీటీ జేబులో పెట్టుకున్నాను.

ఆ గదిలో రెండు సంగతులు నాకు విడ్డూరంగా తోచాయి. టైపు మెషిన్లన్నీ గోడ వారగా ఉంటే, కంప్యూటర్ మాత్రం గది మధ్యలో, తెర వీధి తలుపు వైపు తిప్పి ఉంది. ఆ తలుపుకు పైసగం అద్దాలు. అంటే తలుపు మూసి ఉన్నా బయట వరండాలో నిలబడ్డవాడు తెర మీదిది చదవొచ్చు. రహస్యం కావాలనే మనిషి చేసే పనేనా ఇది? రెండోది, బల్ల కింద యూపీఎస్. కరెంటు పోతే పది నిమిషాలు నిలిపే చిన్నది చాలు. ఈమె బ్యాంకుల్లో పెట్టేంత పెద్దది పెట్టింది. కూర్చోడానికి మాత్రం చేతులు విరిగిన కుర్చీ.

పనిలోకి దిగాను. పాత కాగితాల పట్టీ తుడిచేసి మళ్లీ రాకుండా కట్టేశాను. మెషిన్ లేవగానే దానితోపాటు లేచేవాటిని ఒక్కొక్కటిగా ఆపాను. తర్వాత ఫాంట్లు చూశాను, అంటే అక్షరాల అచ్చులు. మూడు వందల పైన ఉన్నాయి. మెషిన్ లేచినప్పుడల్లా అవన్నీ మోసుకుని లేవాలి, ఇంక పరుగు ఎక్కడిది? ఇంగ్లీషువి ఓ పది ఉంచి మిగతావి కొట్టేశాను. వాటిలో కన్నడం ఫాంటు ఒకే ఒకటి ఉంది. ఒక్క క్షణం ఆగాను. కంప్యూటర్ మీద ఇంగ్లీషే నేర్పుతాము, కన్నడానికి టైపు మెషిన్లు ఉన్నాయని ఆమే చెప్పింది. ఎవరో ఎక్కించి మరిచిపోయారనుకుని దాన్నీ కొట్టేశాను. పారేసినవి ఎవరూ ఏరుకోకుండా చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. నేను తుడిస్తే మళ్లీ తిరిగి రాకూడదు, అదీ నా పద్ధతి.

చివరగా డిస్కులో చెల్లాచెదురుగా పడ్డ ముక్కలన్నీ వరసగా పేర్చే పని పెట్టాను. దానికి ముప్పావు గంట పడుతుంది, మధ్యలో మెషిన్‌ని ముట్టుకోకూడదు. మజ్జిగ తాగుదువు రా అని పంపమ్మ లోపలి నుంచి పిలిస్తే వెళ్లాను.

వెనక గదికి కిటికీ లేదు, పైన చిన్న గవాక్షం ఉంది. ముందు గదిలోంచి చూస్తే గుమ్మానికి ఎదురుగానే పంపమ్మ మంచం. గదంతా కర్పూరం, పాత బొంతల వాసన. రెండు కళ్లకూ తెల్లగా పొర కమ్మింది ఆమెకు. గొంతును బట్టి నా మొహం వైపు తిరిగి మా నాయన ఆరోగ్యం, మా అమ్మ మోకాళ్ల నొప్పులు, అన్నీ అడిగింది. నాకు పెళ్లెందుకు కాలేదో ఆమే కారణం చెప్పి ఆమే నవ్వింది. మంచి మనిషి. మేం మాట్లాడుతుండగానే గది మసకబారింది. మే నెలలో మాకు మామూలే, ఎండ నడినెత్తిన ఉండగానే ఎర్రదుమ్ము లేచి ఊరిని కమ్మేస్తుంది, ఆ వెనకే నాలుగు చినుకులు పడతాయి. గవాక్షంలో వెలుతురు ఇటుక రంగుకు తిరిగింది. గోడ గడియారం మూడు కొట్టింది.

పంపమ్మ మాట మధ్యలో ఆగిపోయింది.

వరండాలోంచి ఎవరో పిలిచారు. "అమ్మా..."

మగగొంతు. వయసులో ఉన్నవాడి గొంతు. బయటి నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ పిలిచినట్టు, మామూలుగా ఉంది. నేను లేవబోయాను. పంపమ్మ నా మణికట్టు పట్టుకుంది. చూపు లేని మనిషి అంత సూటిగా ఎట్లా పట్టుకుందో తెలియదు. ఆ చేయి చల్లగా ఉంది.

"ఉండు నాయనా. పోతాది," అంది గొంతు తగ్గించి.

పోతాడు అనలేదు. నేను కూర్చున్నాను. గాలికి వేపాకులూ దుమ్మూ పైకప్పు మీద జరజరా రాలుతున్నాయి. ఆమె పెదవులు కదులుతున్నాయి, ఏదో లెక్కపెడుతున్నట్టుంది. చాలాసేపు ఏమీ వినబడలేదు. ఆమె ఊపిరి వదిలి, నా చేయి వదలబోయింది.

"అమ్మా..."

ఈసారి ఇంకా దగ్గర. తలుపుకు నోరు ఆనించి పిలిచినట్టు.

పంపమ్మ మొహం మారిపోయింది. రెండోసారి ఎప్పుడూ పిలవదు అని గొణిగింది. నాకు విసుగొచ్చింది, కొంచెం భయమూ వేసింది. ఎవడో తుంటరి అనుకుని ముందు గదిలోకి వెళ్లి అద్దాల్లోంచి చూశాను. వరండా ఖాళీ. దుమ్ములో గేటు కూడా కనబడటం లేదు. మెట్ల దగ్గర చెప్పులు లేవు.

వెనక్కి తిరిగితే కంప్యూటర్ తెర నల్లగా ఉంది. దాని మీద కుడి నుంచి ఎడమకు పెద్ద పెద్ద గుర్తులు పాకుతున్నాయి. ఒక పౌండు గుర్తు, తోక ఉన్న ఏదో అక్షరం, రెండు చుక్కలు, అర్థం పర్థం లేని చెత్త. వదిలేసిన మెషిన్ మీద వచ్చే స్క్రీన్ సేవర్, అందులో ఎవరో ఏదో రాసి పెట్టారు. అది వచ్చినప్పుడల్లా నా పేర్పు పని మొదటికి వస్తుంది. చూస్తే నిజంగానే మొదటికి వచ్చింది, అరగంట బూడిదపాలు. తిట్టుకుంటూ దాన్ని పూర్తిగా ఆపేశాను. పాకే గుర్తులు పోయాయి.

అప్పుడే కరెంటు పోయింది. బల్ల కింద యూపీఎస్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. గదిలో వెలుతురంటే ఆ తెర ఒక్కటే.

"అమ్మా... తలుపు తీయ్..."

తలుపు అద్దం మీద ఎవరో వేలితో తట్టారు. నేను అద్దానికి నాలుగడుగుల దూరంలో ఉన్నాను. అవతల ఎవరూ లేరు. అద్దం మాత్రం అదురుతోంది.

వెనక గదిలోకి ఎట్లా వచ్చిపడ్డానో నాకే తెలియదు. పంపమ్మ మంచం మీద ముడుచుకుని కూర్చుంది.

"అక్షరాలు తిరుగుతాండాయా నాయనా?" అంది.

ఏం అక్షరాలు అన్నాను.

"పెట్టె మింద. పంకజ పెట్టిండాది కదా. నాళె బా అని."



ఆ సంగతి బళ్లారిలో తెలియనివాళ్లు లేరు. కొన్నేళ్ల కిందట ఊరూరా తలుపుల మీద సుద్దతో రాసుకున్నాం. ఏదో వస్తుందని, మనవాళ్ల గొంతుతోనే గుమ్మంలో పిలుస్తుందని, పలికితే అంతేనని చెప్పుకునేవాళ్లు. నాళె బా అని రాసి ఉంటే చదువుకుని వెనక్కి పోతుంది. మర్నాడు వస్తుంది, మళ్లీ అదే చదువుకుంటుంది, మళ్లీ పోతుంది. మా తలుపు మీద నేనే రాశాను. తర్వాత సున్నాలు వేసినప్పుడు అందరివీ చెరిగిపోయాయి, అందరమూ మరిచిపోయాం. ఈ ఇంట్లో మరవడానికి వీల్లేకపోయింది. రామచంద్ర సంవత్సరీకం అయిన మర్నాటి నుంచి రోజూ మూడింటికి పిలుపు వస్తోందని పంపమ్మ చెప్పింది. సుద్దతో రాస్తే వానకు పోయేది, పెయింటుతో రాస్తే ఇంటాయన ఒప్పుకోలేదు. అందుకని పంకజాక్షి దాన్ని వాన తగలని చోట, కరెంటు పోయినా ఆగని చోట రాసింది.

చీటీలో నాలుగో సంగతి నాకప్పుడు అర్థమైంది. నాళె బా. అదొక్కటి అట్లే ఉండనీ.

నేను ఫాంటు తీసేసినందుకు ఆ కన్నడం అక్షరాలు చెత్త గుర్తులయ్యాయి. దానికి చదవడం రాలేదు. అందుకే రెండోసారి పిలిచింది. తర్వాత ఆ గుర్తులు కూడా లేకుండా చేశాను.

"వాడు కాదని నాకూ తెలుసు నాయనా," అంది పంపమ్మ. "గొంతు మాత్రం వాడిదే. రెండేండ్లాయ, నాలుక కొరుక్కోని కూచోనుండా. పిలిచి పిలిచి పోతాంటే పాణం పోతాది. ఈపొద్దు ఇంగోతూరి పిలిస్తే నేను పలుకుతానేమో. నన్ను పలకనీయద్దు."

నోరు గట్టిగా మూసుకోమని, నేను చూసుకుంటానని చెప్పాను. కంప్యూటర్ దగ్గరకు పరుగెత్తి కన్నడం ఫాంటు కోసం వెతికాను. లేదు. చెత్తబుట్ట ఖాళీ. తిరిగి రాకుండా తుడిచింది నేనే. ఫాంట్లు ఉండే ఫ్లాపీలు బీరువాలో ఉన్నాయి, తాళంచెవి పంకజక్క బొడ్లో ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో కన్నడం మాట కొట్టి పెట్టాను. అది పాకుతూ పోయింది.

అద్దం మీద టక్... టక్... టక్... ఆగలేదు. ఇంగ్లీషు అక్షరాలు దానికి రావు కాబోలు.

గోడకు నల్లబల్ల ఉంది, దాని కింద సుద్దముక్కలు. ఒకటి తీసుకున్నాను. రాయాల్సింది తలుపు బయటివైపు. అంటే తలుపు తీయాలి.

తలుపు ముందు ఎంతసేపు నిలబడ్డానో. తట్టడం ఆగేదాకా ఆగాను. ఆగింది. పది అంకెలు లెక్కపెట్టాను. గడియ తీసి, ఒక రెక్క తెరిచి, వరండాలోకి గెంతి, రెక్క లాగేశాను. అంతా కలిపి రెండు క్షణాలు ఉంటుందేమో. దుమ్ము కళ్లల్లో కొట్టింది. అద్దం కింద చెక్క మీద రాయడం మొదలుపెట్టాను. నా... సుద్ద విరిగింది. విరిగిన ముక్కతోనే... ళె... వెనక ఎవరో నిలబడి నా రాత చూస్తున్నట్టు వీపంతా జలదరిస్తోంది. తిరగలేదు. బా...

అయిపోయింది. మంచి దస్తూరీ కాదు గానీ ఎవరైనా చదవగలరు. ఊపిరి పీల్చుకున్నాను.

"అమ్మా..."

పిలుపు ఇంటి లోపలి నుంచి వచ్చింది.

నేను లోపలికి వెళ్లలేదు. ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. చూపు లేని ముసలామె ఒక్కతే లోపల ఉంది, ఆమెను కనిపెట్టుకుని ఉండమని నాకు రెండుసార్లు చెప్పారు, తలుపు తీసింది నేను. తెలుసు, అన్నీ తెలుసు. అయినా వరండా స్తంభాన్ని కరుచుకుని నిలబడ్డాను. లోపల గొంతు ఇంకో రెండుసార్లు పిలిచింది, ప్రతిసారీ ఇంకొంచెం లోపలి నుంచి. జవాబు వినబడలేదు. తర్వాత చినుకులు మొదలయ్యాయి, యూపీఎస్ కీచుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు.

పంకజక్క నాలుగుకు పది నిమిషాల ముందు వచ్చింది. ఆటో దిగి, నన్ను చూసింది, తలుపు మీద సుద్దరాత చూసింది. వాన నీళ్లకు నా అక్షరాలు అప్పటికే కారుతున్నాయి.

"తీసేసినావా?" అంది.

తెలియక తీశానని, మధ్యలో ఏడ్చేస్తూ చెప్పాను. ఆమె తిట్టినా బాగుండేది. తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది, ఆమె కొంగు పట్టుకున్నంత పని చేస్తూ నేనూ వెళ్లాను. పంపమ్మ మంచం మీదే ఉంది, ప్రాణాలతో ఉంది. నోట్లో చీర కొంగు మొత్తం కుక్కుకుని ఉంది. కూతురు దాన్ని మెల్లగా బయటికి తీస్తే, పలకలేదే పంకజా, నేను పలకలేదు అని పసిపిల్లలాగా ఏడ్చింది. నా ప్రాణం లేచొచ్చింది. బతికిపోయాం అనుకున్నాను.

పంకజక్క బీరువా తీసి ఫ్లాపీ ఇచ్చింది. ఫాంటు ఎక్కించి, స్క్రీన్ సేవర్ ముందు ఎట్లా ఉందో అట్లా పెట్టాను. నల్లటి తెర మీద గుండ్రటి కన్నడం అక్షరాలు తలుపు వైపు చూస్తూ పాకడం మొదలుపెట్టాయి. నాళె బా. నాళె బా. కరెంటు ఇంకా రాలేదు. అక్షరాల వెలుగు ఖాళీ వరండాలోకి పడుతోంది. ఇంక ఫరవాలేదక్కా అన్నాను.

ఆమె ఆ అక్షరాలను చూస్తూ నిలబడింది.

"తలుపు ఎవరు తీసింది పాండురంగా?"

నేనే, బయట రాయడానికి అన్నాను.

"పిలుపు యాడ్నించి వచ్చె, నువ్వు బయటుండంగ?"

నా మొహం చూసి ఆమెకు అర్థమైనట్టుంది. బల్ల దగ్గరకు వచ్చి, రెండు చేతులతో తెరను పట్టుకుని, ఆ బరువైన పెట్టెను నెమ్మదిగా తిప్పింది. తలుపు వైపు ఉన్న తెర ఇంటి లోపలికి తిరిగింది. అక్షరాల వెలుగు వెనక గది గుమ్మం దాటి, చీకట్లో పంపమ్మ మంచం కాళ్ల దాకా పాకింది. మేమిద్దరం తెర వెనక నిలబడ్డాం. ఊపిరి కూడా పైకి తీయలేదు.

కాసేపటికి వెనక గదిలోంచి చదవడం వినబడింది. ఒకటో తరగతి పిల్లలు కూడబలుక్కుని చదివినట్టు, ఒక్కో అక్షరం పట్టి పట్టి.

"నా... ళె... బా..."

ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

పంకజక్క వేళ్లు నా భుజంలో దిగాయి. అప్పుడు లోపలి నుంచి పంపమ్మ, ఎవరినో లేపకూడదన్నట్టు గొంతు బాగా తగ్గించి అడిగింది.

"పంకజా... నా మంచం మింద కూచోని చదువుతాండేది ఎవరే?"